టెర్మినల్ సర్వరు: ఎన్నికయు, సంరక్షణయు

ప్రతి ఇంటికిని వీధి తలుపు ఒకటి, పెరటి తలుపు ఒకటి ఉండుట మనకు అలవాటు. రాకపోకలన్నియు వీధి తలుపునుండియే సాగును. పెరటి తలుపు సంగతి సాధారణముగా ఎవరును తలపెట్టరు. వీధి తలుపు గడియ లోపల పడి బిగిసికొనిపోయిన నాడు మాత్రము ఇంటిల్లిపాదియు పెరటివైపు పరుగెత్తుదురు. కంప్యూటర్లకును ఇట్టి పెరటి తలుపు ఒకటి కలదు. బ్యాంకులలోను, ఆసుపత్రులలోను, పరిశోధనశాలలలోను రాత్రింబవళ్లు పనిచేయు కంప్యూటర్లతో మనుష్యులు నెట్‌వర్కు ద్వారా మాటలాడుదురు. అది వీధి తలుపు. నెట్‌వర్కు చెడినను, యంత్రము మేలుకొనుచు సగములో నిలిచిపోయినను ఆ తలుపు తెరచుకొనదు. అప్పుడు పనికివచ్చునది సీరియల్ లైను అను సన్నని తీగ. పదునారు, ముప్పదిరెండు యంత్రముల సీరియల్ తీగలను ఒక చోట చేర్చి, దూరమునుండి వానిలో దేనితోనైనను మాటలాడుటకు వీలు కల్పించు చిన్న పెట్టెను టెర్మినల్ సర్వరు అందురు.

ఇది నిపుణుల సంగతి, గృహస్థులకేల యని పాఠకులు అనుకొనవచ్చును. కాని మన ఇండ్ల పిల్లలెందరో నేడు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఇట్టి యంత్రములకు రాత్రిపూట కావలి కాయుచున్నారు. అర్ధరాత్రి టెలిఫోను మ్రోగగానే వారు కుర్చీనుండి లేవకయే పని చక్కబెట్టుదురా, లేక బండి వేసికొని ఇరువది మైళ్లు పోవలసివచ్చునా యనునది తరచుగా ఈ చిన్న పెట్టెను ఎవరు, ఏమి చూచి కొనిరి అను దానిపై ఆధారపడును. మేము ఈ వ్యాసమున చెప్పదలచిన మాట ఒక్కటే: టెర్మినల్ సర్వరును అంతయు సవ్యముగా నున్న దినమున అది చేయు పనిని బట్టి గాక, అంతయు చెడిన దినమున అది ప్రవర్తించు తీరును బట్టి ఎన్నుకొనవలెను.

దీని పుట్టుక తెలిసినచో గుణదోషములు సులువుగా తెలియును. యూనిక్స్ అను కార్యనిర్వాహక వ్యవస్థను 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌నందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిరి. ఆనాడు వారు కంప్యూటరుతో సంభాషించినది టెలిటైపు యంత్రము ద్వారా. టెలిటైపు అనగా తంతివార్తల కొరకు తయారైన విద్యుత్ టైపురైటరు. వారు వాడిన 33వ నమూనా సెకనునకు 10 అక్షరములు మాత్రమే కాగితముపై కొట్టగలిగెడిది. నేటికిని యూనిక్స్‌లో ప్రతి సంభాషణ మార్గమునకు 'టి.టి.వై.' అను పేరు నిలిచియున్నదనగా, అది ఆ టెలిటైపు పేరున మిగిలిన ముక్కయే. పిమ్మట కాగితమునకు బదులు గాజుతెర వచ్చినది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను వారు విడుదల చేసిన వి.టి.100 అను టెర్మినలు ఎంత ప్రసిద్ధి చెందినదనగా, దాని పద్ధతులనే నేటి కంప్యూటర్లు కూడ అనుకరించుచున్నవి.

టెలిటైపైనను, తెరయైనను, కంప్యూటరుతో కలుపు తీగ మాత్రము ఒకే తరహాది. 1960లో అమెరికాలో ఏర్పడిన ఆర్.ఎస్.232 అను ప్రమాణమును అనుసరించి, అక్షరములు ఒక్కొక్క బిట్టు చొప్పున వరుసగా ఆ తీగపై పోవును. అందుచేతనే దీనికి సీరియల్ లైను అని పేరు. ఒక్కొక్క టెర్మినలునకు ఒక్కొక్క తీగ వంతున కంప్యూటరు వరకును లాగవలసియుండెడిది. ఏబది మంది పనిచేయు కార్యాలయమున కంప్యూటరు వెనుక ఏబది తీగలు జడలు కట్టెడివి.

ఈ చిక్కును విప్పుటకు మార్గము 1971లోనే కనబడినది. నేటి ఇంటర్నెట్టునకు మాతృక యైన ఆర్పానెట్టునందు బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థవారు 'టిప్' అను యంత్రమును ప్రవేశపెట్టిరి. సొంత కంప్యూటరు లేని చోటనుండియు 63 టెర్మినళ్ల వరకు దానికి తగిలించి, నెట్‌వర్కు మీదుగా దూరపు కంప్యూటర్లను చేరుటకు వీలైనది. తరువాతి దశకమున ఈథర్‌నెట్ వ్యాపించినది. 1982లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ స్థాపింపబడి, యూనిక్స్ వర్కుస్టేషన్లను విరివిగా తయారు చేయసాగినది. వర్కుస్టేషను అనగా ఒక శాస్త్రజ్ఞుడో, ఇంజనీరో తన బల్లపై నుంచుకొని వాడుకొను శక్తిమంతమైన కంప్యూటరు. అట్టి యంత్రమునకు సాధారణముగా రెండు సీరియల్ పోర్టులు మాత్రమే ఉండెడివి. దానికి పదునారు టెర్మినళ్లు తగిలించవలెనన్నచో టెర్మినల్ సర్వరు కావలసినదే. పెట్టెకు ఒక వైపున ఈథర్‌నెట్ తీగ, మరియొక వైపున ఎనిమిదో, పదునారో సీరియల్ పోర్టులు: ఇదియే దాని రూపము.

ఆ దినములలో కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న, ఈ పెట్టె ఏ భాష మాటలాడును అనునది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ వారి తొలి సర్వర్లు 'లాట్' అను తమ సొంత పద్ధతిని మాత్రమే ఎరుగును. అది ఒకే స్థానిక నెట్‌వర్కులో చురుకుగా పనిచేయును గాని, రూటరు దాటి ఆవలి నెట్‌వర్కునకు పోజాలదు. యూనిక్స్ యంత్రములకు సహజమైన పద్ధతి టెల్‌నెట్. దాని ప్రమాణ పత్రము 1983లో వెలువడినది. యూనిక్స్ వర్కుస్టేషన్లు గల చోట లాట్ మాత్రము తెలిసిన పెట్టెను చవుకగా వచ్చినదని తెచ్చుకొన్నవారు, ఆ రెండు భాషల నడుమ దుబాసీని కూడ వెదుకుకొనవలసివచ్చెడిది.

రెండవ ప్రశ్న వేగమును గూర్చినది. సీరియల్ లైనుపై చిరకాలముగా వాడుకలో నున్న వేగము సెకనునకు 9600 బిట్లు. ఒక్కొక్క అక్షరమునకు ఆరంభ, అంత సూచికలతో కలిపి 10 బిట్లు పట్టును గనుక, సెకనునకు 960 అక్షరములు పోవును. వి.టి.100 తెరపై 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు, మొత్తము 1920. అనగా తెర నిండుటకు రెండు సెకన్లు. అదే టెలిటైపునకు మూడు నిమిషములకు పైగా పట్టును. నెట్‌వర్కుపై లెక్క వేరు. మనము ఒక మీట నొక్కగా పుట్టిన ఒక్క అక్షరమును మోసికొనిపోవుటకు 40 బైట్ల చిరునామా సామగ్రి కావలెను. ఒక ఆవగింజను చేరవేయుటకు ఒక బండి కట్టినట్లుండును. ఇట్టి చిన్న మూటలు మార్గమును క్రమ్మివేయుటను గమనించి, జాన్ నాగుల్ అను ఇంజనీరు 1984లో వానిని కలిపి పంపు ఉపాయమును సూచించెను. అది నాటినుండి నేటి వరకు వాడుకలో నున్నది.

పంపువాడు వేగముగా పంపుచుండగా పుచ్చుకొనువాడు తట్టుకొనలేనిచో 'ఆగుము' అని చెప్పు మార్గముండవలెను. దానికి రెండు పద్ధతులు. అక్షరములతో బాటు ఆగుమను సంజ్ఞను, సాగుమను సంజ్ఞను కూడ అదే తీగపై పంపుట ఒకటి. ఇందు చిక్కేమనగా, ఆ ఆగు సంజ్ఞ కంట్రోల్-ఎస్ అను మీట. ఈమాక్స్ అను ప్రసిద్ధమైన రచనా సాధనములో వెదుకుటకు నొక్కవలసినదియు ఆ మీటయే. వెదుకబోయినవాని తెర కొయ్యబారిపోయెడిది. ఇందుకై వేరుగా రెండు తీగలు కేటాయించుట రెండవ పద్ధతి. కావున పెట్టెను కొనునపుడు ప్రతి పోర్టునందును ఈ ప్రత్యేకమైన తీగలు ఉన్నవా యని చూడవలెను. ధర తగ్గించుటకు కొందరు ఈ తీగలను విడిచిపెట్టెడివారు.

1990వ దశకము వచ్చుసరికి కథ తిరుగబడినది. బల్లలపై టెర్మినళ్లు పోయి, సొంత కంప్యూటర్లు వచ్చినవి. టెర్మినల్ సర్వర్లు మూలబడునని తోచినది. కాని వానికి రెండు కొత్త కొలువులు దొరికినవి. మొదటిది టెలిఫోను మీద వచ్చు ఇంటర్నెట్టు. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టును అందుబాటులోనికి తెచ్చిరి. మోడెము చేయు కీచుధ్వని విని, అక్షరములు తెరపైకి వచ్చుటకై వేచియున్న దినములు పాఠకులలో పలువురకు జ్ఞప్తికి వచ్చును. ఆ టెలిఫోను లైనుకు ఆవలి కొనను మన పిలుపు నందుకొని నెట్‌వర్కులోనికి నడిపించు పెట్టెలు ఈ వంశమునకు చెందినవే.

రెండవ కొలువు మన విషయమునకు ముఖ్యమైనది. వర్కుస్టేషన్లును, వాని తోబుట్టువులైన సర్వరు యంత్రములును తెరయు, మీటల పలకయు లేకయే బీరువాల వంటి చట్రములలో వరుసగా అమర్చబడినవి. ప్రతి యంత్రమునకును కన్సోలు అనునది ఒకటి కలదు. యంత్రము మేలుకొనునప్పుడు తన స్థితిని చెప్పుకొనునది, ప్రాణము మీదికి వచ్చినప్పుడు తుది మాట పలుకునది అచ్చటనే. సన్ యంత్రమునకు మీటల పలక లేనిచో, కన్సోలు దానంతటదే మొదటి సీరియల్ పోర్టునకు మారును. ఆ పోర్టులన్నింటిని టెర్మినల్ సర్వరుకు కలిపి, పెట్టెలోని ఫలానా సంఖ్యగల ద్వారమునకు టెల్‌నెట్ చేసినచో, ఫలానా యంత్రపు కన్సోలు మన యెదుట ప్రత్యక్షమగును. పూర్వము టెర్మినలునుండి కంప్యూటరునకు పోయిన మార్గమున ఇప్పుడు ఎదురు దిశగా పోవుచున్నాము గనుక, దీనిని రివర్స్ టెల్‌నెట్ అనిరి.

ఇచ్చటనే ఎన్నికలోని అసలు పరీక్ష ఎదురైనది. సీరియల్ తీగపై మాటలు లేనప్పుడు ఋణ వోల్టేజి నిలిచియుండును. అక్షరము ఆరంభమగునప్పుడు అది ధన వోల్టేజికి మారును. 9600 వేగమున ఒక అక్షరమునకు పట్టు కాలము సెకనులో వేయవ వంతునకు కొంచెము ఎక్కువ. అంతకు మించి తీగ ధన వోల్టేజిలోనే నిలిచిపోయినచో అది అక్షరము కానేరదు. దానిని బ్రేకు అందురు. తంతి కాలమున, వార్త పంపుచున్నవానిని నడుమ ఆపదలచిన అవతలివాడు లైనును త్రెంచి సూచన చేసెడివాడు. ఆ ఆచారమే ఈ పేరునకు మూలము. సన్ యంత్రముల నిర్మాతలు ఈ బ్రేకునకు ఒక గొప్ప అధికారమిచ్చిరి. కన్సోలుపై బ్రేకు వచ్చినంతనే యంత్రము చేయుచున్న పనినంతయు ఉన్నదున్నట్లు నిలిపివేసి, 'ఓకే' అను రెండక్షరములు చూపి, యజమాని ఆజ్ఞకై వేచియుండును. యంత్రము పూర్తిగా మొండికెత్తినప్పుడు ఇది సంజీవని వంటిది.

కాని టెర్మినల్ సర్వరుకు కరెంటు పోయి మరల వచ్చినప్పుడు జరుగునదేమి? కొన్ని పెట్టెలలో ఆ క్షణమున తీగలపై వోల్టేజి తప్పటడుగులు వేయును. సెకనులో వేయవ వంతు చాలును. పెట్టెకు కలిపిన పదునారు యంత్రములును దానిని బ్రేకుగా భావించి, ఒక్కసారిగా పని నిలిపివేసి, ఓకే యని వ్రాసి కూర్చుండును. ఆ యంత్రములకు వేరుగా బ్యాటరీలున్నను, వాని కరెంటు ఒక్క క్షణమైనను పోకున్నను ఇదే గతి. రక్షణకై తెచ్చిన పెట్టెయే అన్నింటిని ఆపివేసినది! 'గో' అను ఆజ్ఞ నిచ్చినచో యంత్రము విడిచిన చోటనుండి సాగును. ఐనను ఈలోపల దానితో మాటలాడుచున్న ఇతర యంత్రములు ఓపిక నశించి సంబంధము తెంచుకొనియుండవచ్చును. ఆసుపత్రిలో రోగుల వివరములు చూచుచున్న వైద్యునకు గాని, బ్యాంకు కిటికీ యొద్ద నిలిచినవానికి గాని, దీని కారణము ఎన్నటికిని తెలియదు.

కావున సన్ యంత్రములు గలవారు పెట్టెను కొనకముందే పరీక్షించవలెను. పనిలో లేని ఒక యంత్రమును దానికి కలిపి, పెట్టె కరెంటును పదిమార్లు తీసి వేయవలెను. సీరియల్ తీగను ఊడదీసి మరల పెట్టవలెను. ఒక్కమారైనను ఓకే కనబడినచో ఆ పెట్టె ఎంత చవుకయైనను మనకు తగదు. ఈ బాధ నెరిగి, 2000లో వచ్చిన సొలారిస్ 8 నందు సన్ వారు ఒక మార్పు తెచ్చిరి. బ్రేకునకు బదులుగా రిటర్ను మీట, టిల్డె గుర్తు, కంట్రోల్-బి అను మూడింటిని వరుసగా నొక్కిననే యంత్రము ఆగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. కరెంటు తప్పటడుగు ఈ మూడక్షరములను ఎన్నటికిని పలుకలేదు. అట్లని, బ్రేకు పంపు శక్తి పెట్టెకు అక్కరలేదని తలచరాదు. కొన్ని యంత్రములకు బ్రేకు తప్ప వేరొక మందు లేదు. మనము కోరినప్పుడు పంపవలెను, కోరనప్పుడు పంపకూడదు. మంచి పెట్టె లక్షణమిది.

రెండవ పరీక్ష, పెట్టె తాను ఎట్లు మేలుకొనును అనునది. పూర్వపు టెర్మినల్ సర్వర్లలో పలు రకములకు తమ కార్యక్రమము తమలో నుండెడిది కాదు. కరెంటు రాగానే అవి నెట్‌వర్కుపై నున్న ఒక కంప్యూటరును అడిగి, దానినుండి కార్యక్రమమును తెచ్చుకొని పని మొదలిడెడివి. సాధారణ దినములలో ఇది సౌకర్యమే. ఒక చోట మార్చిన అన్ని పెట్టెలును మారును. కాని ఊరంతయు కరెంటు పోయి వచ్చిన రాత్రి ఏమగునో ఆలోచింపుడు. కార్యక్రమము నిచ్చు కంప్యూటరు ఏదో దోషముచేత మేలుకొనక నిలిచినది. దాని కన్సోలును చూడవలెను. కన్సోలు టెర్మినల్ సర్వరు ద్వారా కనబడవలెను. టెర్మినల్ సర్వరు మేలుకొనుటకు ఆ కంప్యూటరే కావలెను. తాళపుచెవిని ఇంటిలోనే పెట్టి ఇంటికి తాళము వేసికొనిన చందమిది. అందువలన పెట్టె తన కార్యక్రమమును తన జ్ఞాపకశక్తిలోనే నిలుపుకొని, ఎవరి సహాయమును లేకయే లేవగలుగవలెను.

తలుపు తీయు అధికారము విషయమునను ఇదే నియమము. ఎవరిని లోనికి రానీయవచ్చునో నిర్ణయించు పనిని వేరొక కంప్యూటరునకు అప్పగించుట పరిపాటి. లివింగ్‌స్టన్ సంస్థవారు 1991లో తమ పెట్టెల కొరకు రూపొందించిన రేడియస్ అను పద్ధతి 1997లో ప్రమాణ పత్రముగ ప్రచురింపబడి లోకమంతట వ్యాపించినది. వందలమంది పనివారున్న చోట ఇది మేలైనదే. కాని ఆ అధికార కంప్యూటరు పడిపోయిన నాడు పెట్టె ఎవరిని నమ్మవలెను? అట్టివేళ వాడుటకు పెట్టెలోనే ఒక రహస్యపదము ఉండవలెను. దానిని కాగితముపై వ్రాసి, ముద్రవేసి, పెట్టెలో భద్రపరచవలెను. అయితే ఆ రహస్యపదమును టెల్‌నెట్ మీద పంపరాదు. టెల్‌నెట్ మాటలన్నింటిని పోస్టుకార్డువలె బాహాటముగా మోయును. 1995లో ఫిన్లండులో తటు యూలోనెన్ రూపొందించిన ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతి వానిని గుప్తలిపిలో పంపును. కన్సోలు చేతికి చిక్కినవానికి యంత్రమంతయు చిక్కినట్లే గనుక, ఎస్.ఎస్.హెచ్. ఎరుగని పాత పెట్టెను వాడక తప్పనివారు దానిని వేరు నెట్‌వర్కులో, గట్టి కాపలా వెనుక ఉంచవలెను.

ఇట్టి జాగ్రత్తలు అతిశయోక్తులు కావని 2021 అక్టోబరు 4న లోకమంతకును తెలిసినది. ఆనాడు ఫేస్‌బుక్ సంస్థ సేవలు సుమారు ఆరు గంటలు నిలిచిపోయినవి. సాధారణ మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వలన వారి కేంద్రములను కలుపు నెట్‌వర్కు అంతయు తెగిపోయినది. ప్రధాన మార్గమును, అత్యవసరమునకై ఉంచిన వేరు మార్గమును రెండును పనిచేయలేదనియు, ఇంజనీర్లను స్వయముగా యంత్రముల చెంతకు పంపవలసివచ్చినదనియు ఆ సంస్థయే తన వివరణలో వ్రాసినది. అపార ధనము, వేలకొలది నిపుణులు గలవారికే ఇట్లైనచో, ఒక్క నిపుణునితో నడచు చిన్న కళాశాల సంగతి చెప్పనేల? పెరటి తలుపునకు దారి వీధి గుమ్మము మీదుగానే పోవునట్లు ఇల్లు కట్టరాదు. టెర్మినల్ సర్వరుకు వేరు నెట్‌వర్కు, వేరు కరెంటు ఆధారము ఉండవలెను. వీలైనచో టెలిఫోను ద్వారానో, సెల్‌ఫోను నెట్‌వర్కు ద్వారానో మరియొక దారి కూడ ఉండవలెను.

ఇక సంరక్షణ మాట. అనుభవజ్ఞుల కాలములో సింహభాగము తీగలే హరించును. కంప్యూటరు తాను మాటలాడు తీగను, టెర్మినలు తాను వినవలసిన తీగకు కలుపవలెను. ఇరువురును ఒకే తీగపై మాటలాడినచో వినువాడుండడు. ఇరువది ఐదు సూదుల ప్లగ్గులో రెండవ సూదిని, మూడవ సూదిని మార్చి కట్టుట ఇందులకే. ఎనిమిది సూదుల చిన్న ప్లగ్గు వచ్చిన పిమ్మట చిక్కు పెరిగినది. చూచుటకు అన్నియు ఒకే విధముగా నున్నను, ఏ సూదికి ఏ పని యనునది ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క విధముగా నిర్ణయించుకొనెను. పైగా ఈథర్‌నెట్ ప్లగ్గు కూడ అదే ఆకారము. కావున పెట్టెతో బాటు తగిన తీగలు, ప్లగ్గులు కూడ ధరలో చేర్చి కొనవలెను. ప్రతి తీగకు రెండు కొనలను పేరు చీటీ కట్టవలెను. ఈ తీగలకు పాత ప్రమాణము చెప్పు హద్దు 15 మీటర్లు. ఒక భవనమునుండి మరియొక భవనమునకు సీరియల్ తీగ లాగుట పిడుగును ఇంటికి పిలుచుటయే. అట్టి చోట రెండవ పెట్టెను కొనుటయే చవుక.

సంరక్షణలో రెండవది దినచర్య. యంత్రము కూలిపోవు క్షణమున కన్సోలుపై వ్రాయు మాటలు మరణ వాంగ్మూలము వంటివి. ఎవరును చూడని వేళ వ్రాసినచో తెరతో పాటు అవియు మాసిపోవును. కావున కన్సోలు మాటలన్నింటిని ఎడతెగక వ్రాసియుంచు కార్యక్రమమును నడుపవలెను. ఓహైయో స్టేట్ విశ్వవిద్యాలయమున పుట్టిన కన్సర్వరు అను ఉచిత కార్యక్రమము ఈ పనిని చక్కగా చేయును. ఒకే కన్సోలును ఇద్దరు ముగ్గురు కలిసి చూచుటకును అది వీలు కల్పించును. పెట్టె అమరికను, అనగా ఏ పోర్టునకు ఏ యంత్రము, ఏ వేగము అను వివరమును కంప్యూటరులో ఒక ప్రతి, కాగితముపై ఒక ప్రతి ఉంచవలెను. కంప్యూటర్లు నడవని రాత్రి కంప్యూటరులోని ప్రతి చదువుట కుదరదు గదా.

మూడవది తయారీదారుని ఆయుస్సు. ఈ రంగమున పేరుపొందిన సంస్థలు ఒకదానిలో ఒకటి లీనమైనవి. ఆనెక్స్ పెట్టెలు చేసిన జైలాజిక్స్ 1995లో బే నెట్‌వర్క్స్ చేతికి, లివింగ్‌స్టన్ 1997లో లూసెంట్ చేతికి, సైక్లేడ్స్ 2006లో అవోసెంట్ చేతికి పోయినవి. పెట్టె పదిహేనేండ్లు బ్రతుకును, దానికి కొత్త కార్యక్రమములు పంపు సంస్థ అంతకాలము ఉండకపోవచ్చును. అందుచేత కొన్ననాడే కార్యక్రమపు ప్రతిని, చేతిపుస్తకమును సంపాదించి దాచుకొనవలెను. పెట్టెలు నాలుగు కొనగలవారు మూడింటిని వాడి, నాల్గవ దానిని అమరికతో సిద్ధముగా అరలో ఉంచుట మంచిది. పోర్టులను లెక్కించునపుడు నేటి అవసరమునకు కొన్ని అదనముగా చేర్చవలెను. పదునారు యంత్రములకు పదునారు పోర్టుల పెట్టె కొన్నవారికి పదునేడవ యంత్రము వచ్చిన దినమున మరల మొదటికి వచ్చును.

యూనిక్స్ వర్కుస్టేషన్ల ఏలుబడి ముగిసినదన్నది నిజమే. సిలికాన్ గ్రాఫిక్స్ వారు తమ ఐరిక్స్ యంత్రముల తయారీని 2006 చివర నిలిపివేసిరి. సన్ సంస్థను 2010లో ఒరకిల్ వారు కొనిరి. ఐనను అణువుల నిర్మాణమును పరిశీలించు ఎన్.ఎం.ఆర్. యంత్రములు పెక్కింటిని సన్, సిలికాన్ గ్రాఫిక్స్ వర్కుస్టేషన్లే నడిపెడివి. కోట్ల ఖరీదు గల ఆ పరికరము బాగుండగా, నడుపు కంప్యూటరు పాతబడినదని దానిని పారవేయుట ఎవరి తరము? అట్టివానికి టెర్మినల్ సర్వరు ఊతకర్ర. కొత్త సర్వరు యంత్రములలో దూరమునుండి చక్కదిద్దు ఉపకంప్యూటరు లోపలనే అమరియుండుట నిజమే. దాని కొరకైన ఐ.పి.ఎం.ఐ. ప్రమాణము 1998లో వచ్చినది. కాని రూటర్లు, స్విచ్చులు మొదలగు నెట్‌వర్కు పరికరములు నేటికిని సీరియల్ కన్సోలును విడువలేదు. పాత టెర్మినల్ సర్వరే కన్సోలు సర్వరు అను కొత్త పేరుతో వాని పక్కన నిలిచియున్నది.

ఈ విషయములన్నియు ఒక పూట పనిలోనికి వచ్చును. ధర చెల్లింపకముందు అమ్మువానిని పిలిచి, పెట్టె కరెంటును తీసి వేయుమనుడు. నెట్‌వర్కు తీగను ఊడదీసి, పెట్టె తనంతట లేచునేమో చూడుడు. అధికార కంప్యూటరును ఆపి, లోనికి పోగలమేమో చూడుడు. కొన్న పిమ్మట మూడు మాసముల కొకమారు ఇదే పరీక్షను పగటివేళ, అందరును ఉండగా చేయుడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనను పెద్దల మాట ఈ పెట్టె విషయమున అక్షరాల నిజము. ఆ పరీక్షకు పట్టునది ఒక గంట. దానిని మానివేసిన చోట, కరెంటు పోయి వచ్చిన ఏదో ఒక రాత్రి, ఎవరి ఇంటి బిడ్డయో నిద్ర మాని బండి ఎక్కవలసియుండును.